‘వాక్యం’ అంటే ఏ వాక్యం? బైబిల్ అధికారంపై క్రైస్తవుల మధ్య తెగని వాదన

ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు గుడి వరండాలో కాసేపు నిలబడితే ‘వాక్యం’ అనే మాట నాలుగైదు సార్లయినా చెవిన పడుతుంది. “ఈ వారం వాక్యం ఎవరు చెప్తున్నారు?” అని అడిగితే ప్రసంగం గురించి. “ఆ అధ్యాయంలో మూడో వాక్యం చదవమ్మా” అంటే వచనం. “వాక్యానికి విరుద్ధంగా నడవకూడదు” అంటే బైబిల్ మొత్తం. ఇక క్రిస్మస్ రోజుల్లో యోహాను సువార్త తెరిస్తే “ఆదియందు వాక్యముండెను” అని ఉంటుంది. అక్కడ మాత్రం వాక్యం పుస్తకమూ కాదు, ప్రసంగమూ కాదు. యేసుక్రీస్తు.

ఒకే మాటకు నాలుగు అర్థాలున్నా మాట్లాడుకునేటప్పుడు ఎవరూ తడబడరు. సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. చిక్కంతా “వాక్యానిదే అంతిమ అధికారం” అన్నప్పుడు వస్తుంది. ఏ వాక్యానిది? అచ్చయిన పుస్తకానిదా, ఆ పుస్తకం చూపిస్తున్న క్రీస్తుదా, దానికి అర్థం చెప్పే సంఘానిదా? స్త్రీలు పాస్టర్లు కావచ్చా, ఆదికాండంలోని ఆరు రోజులు ఇరవై నాలుగు గంటల రోజులేనా, చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చా వంటి తగాదాలు పైకి వేర్వేరుగా కనిపిస్తాయి. కాస్త తవ్వితే అన్నిటి అడుగునా ఈ ప్రశ్నే ఉంటుంది.

2000లో కొట్టేసిన ఒక్క వాక్యం

అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంట్ సమాజం సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్. 2023లో అది కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ చర్చిని తన సభ్యత్వం నుంచి తప్పించింది. సాడిల్‌బ్యాక్ ఆ సమాజంలోని అతి పెద్ద సంఘాల్లో ఒకటి. స్త్రీలను పాస్టర్లుగా నియమించడమే దానిపై వచ్చిన అభ్యంతరం. బయటినుంచి చూసినవాళ్లకు ఇది స్త్రీల హక్కుల గొడవగా కనిపించింది. లోపలివాళ్లకు మాత్రం ఇది బైబిల్ గొడవ. ఎందుకో తెలియాలంటే వాళ్ల విశ్వాస ప్రకటనను కాస్త తిరగేయాలి.

ఆ ప్రకటనను మొదట 1925లో ఆమోదించారు. 1963లో సవరించారు, 2000లో మళ్లీ సవరించారు. 1963 ప్రతి బైబిల్‌ను ‘దేవుడు మనుషులకు తన్నుతాను ప్రత్యక్షపరచుకున్న సంగతి నమోదైన గ్రంథం’ అంది. 2000 ప్రతిలో ‘నమోదు’ అనే మాట పోయింది. బైబిలే ఆ ప్రత్యక్షత అయింది. 1963 ప్రతిలో ఆ పేరా చివర ‘బైబిల్‌కు అర్థం చెప్పడానికి కొలబద్ద యేసుక్రీస్తు’ అని ఒక వాక్యం ఉండేది. దాన్ని తీసేసి, ‘లేఖనమంతా క్రీస్తును గూర్చిన సాక్ష్యం, దైవ ప్రత్యక్షతకు ఆయనే కేంద్రం’ అన్న అర్థం వచ్చే వాక్యం పెట్టారు.

ముక్కుసూటిగా చదివితే రెండింటికీ తేడా ఏముందనిపిస్తుంది. రెండింట్లోనూ క్రీస్తు ఉన్నాడు, బైబిల్ ఉంది. తేడా వాడి చూస్తేనే బయటపడుతుంది.

1 సమూయేలు 15వ అధ్యాయం తీసుకుందాం. ఇశ్రాయేలు శత్రువులైన అమాలేకీయులను పసిపిల్లలతో సహా చంపమని రాజు సౌలుకు ఆజ్ఞ వస్తుంది. క్రీస్తే కొలబద్ద అనుకున్న పాఠకుడు, ‘శత్రువులను ప్రేమించుడి’ అన్న యేసు పక్కన ఈ అధ్యాయాన్ని పెట్టి చూస్తాడు. ఆనాటి ఇశ్రాయేలీయులు దేవుణ్ణి అర్థం చేసుకున్న తీరు ఇది, నమోదైంది నిజమే, కానీ దేవుడు ఎలాంటివాడో పూర్తిగా తెలిసింది క్రీస్తులోనే, అంటాడు. రెండో పాఠకుడు దీనికి ఒప్పుకోడు. క్రీస్తు ఎలాంటివాడో నీకు ఎక్కడినుంచి తెలిసింది, ఈ బైబిల్ నుంచే కదా, దానిలో కొన్ని పేజీలను పక్కన పెట్టడానికి మిగతా పేజీలను వాడితే చివరికి మిగిలేది నీకు నచ్చిన క్రీస్తే, అంటాడు. ఆ ఆజ్ఞ కఠినమైనదే అయినా దేవుని న్యాయతీర్పుగా దాన్ని అంగీకరించాలంటాడు.

ఇద్దరి మాటలోనూ బరువుంది. మొదటివాడి భయం, బైబిల్‌లోని ఏ వచనాన్నయినా పట్టుకుని ఎవరైనా ఏ దారుణాన్నయినా సమర్థించుకోగలరని. ఆ భయానికి ఆధారం ఆ సమాజం చరిత్రలోనే ఉంది. సదరన్ బాప్టిస్టులు 1845లో జార్జియాలోని ఆగస్టాలో వేరుపడిందే బానిస వ్యవస్థ తగాదా మీద. అప్పటి దక్షిణాది బోధకులు బానిసత్వానికి బైబిల్ వచనాలే చూపించారు. 1995లో ఆ సమాజం దానికి క్షమాపణ కోరుతూ తీర్మానం చేసింది. రెండోవాడి భయం, ‘మా యేసు అలా అనడు’ అనే ఒక్క మాటతో ఇబ్బందిపెట్టే వచనాలన్నిటినీ దులిపేసుకోవచ్చని. ఆ భయమూ ఊరికే పుట్టింది కాదు.

ఈ సవరణ రాత్రికి రాత్రి రాలేదు. 1961లో రాల్ఫ్ ఇలియట్ అనే సెమినరీ ఆచార్యుడు ఆదికాండంపై ఒక పుస్తకం రాశాడు. అందులోని తొలి అధ్యాయాలను అక్షరార్థంగా తీసుకోలేదు. 1962లో ఆయన ఉద్యోగం పోయింది. 1979లో హ్యూస్టన్ సభలో సంప్రదాయవాదుల అభ్యర్థి ఏడ్రియన్ రోజర్స్ అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత ఏటేటా వాళ్లే గెలుస్తూ సెమినరీలను, బోర్డులను చేతిలోకి తెచ్చుకున్నారు. 1991లో మితవాదులు వేరే సహవాసం పెట్టుకున్నారు. 2000 సవరణ కమిటీకి అధ్యక్షత వహించింది కూడా రోజర్సే. ఆ ఏడాదే అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌తో తెగదెంపులు చేసుకున్నట్టు ప్రకటించాడు.

ఇక్కడ తెలుగు బాప్టిస్టులకు ఒక మాట. నెల్లూరు, ఒంగోలు మిషన్ 1845 చీలిక తర్వాత ఉత్తరాది బాప్టిస్టుల చేతిలో నడిచింది. కాబట్టి ఈ 2000 ప్రకటన మన బాప్టిస్టు సంఘాల వంశవృక్షంలోది కాదు. పేరు ఒకటే కావడంతో చాలామంది కలిపేస్తుంటారు.

హెబ్రీలో ‘దాబార్’, గ్రీకులో ‘లోగోస్’

పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో మాటకు ‘దాబార్’ అంటారు. ఆ మాటకు ‘సంగతి, జరిగిన విషయం’ అనే అర్థం కూడా ఉంది. మన బైబిల్‌లో ‘దినవృత్తాంతములు’ అనే పుస్తకాల హెబ్రీ పేరులో ఉన్నది ఈ మాటే. పదం పదంగా చెప్పాలంటే ‘దినముల దాబార్‌లు’. అనువాదకులు దాన్ని ‘వృత్తాంతం’ చేశారు. చక్కగా కుదిరింది. అంటే హెబ్రీ మనసులో దేవుని మాటకూ దేవుడు చేసే పనికీ మధ్య గోడ లేదు. “వెలుగు కలుగునుగాక” అనడమూ వెలుగు కలగడమూ ఒకటే.

ప్రవక్తల పుస్తకాల్లో పదేపదే వచ్చే ‘యెహోవా వాక్కు నాకు ప్రత్యక్షమై’ అనే మాట కూడా పుస్తకం గురించి కాదు. ఒక మనిషికి, ఒక సందర్భంలో, ఒక కబురు అందడం గురించి. అపొస్తలుల కార్యములలో దేవుని వాక్యము వ్యాపించెను అని చదువుతాం. అప్పటికి కొత్త నిబంధన అనే సంపుటి ఇంకా లేదు. అక్కడ వ్యాపించింది సువార్త, నోటిమాటగా.

గ్రీకులో యోహాను వాడిన ‘లోగోస్’ ఇంకో మెట్టు ఎక్కింది. గ్రీకు తత్వవేత్తలకు లోగోస్ అంటే మాట మాత్రమే కాదు, విశ్వాన్ని నడిపే వివేకం కూడా. దాన్ని తీసుకుని యోహాను ‘ఆ వాక్యము శరీరధారియై’ అన్నాడు.

బైబిల్ తనలో తాను ‘దేవుని వాక్యం’ అన్న చోట్ల చాలావరకు ఉద్దేశించింది అచ్చు పుస్తకాన్ని కాదని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు, సంప్రదాయవాదులతో సహా. అంతమాత్రాన పుస్తకం దేవుని వాక్యం కాదని తేలిపోదు. సంప్రదాయవాదులు ఆ దగ్గరే ‘లేఖనము’ అనే మరో మాట అందుకుంటారు.

ఒక్క వచనం, రెండు అన్వయాలు

లేఖనం గురించిన వాదనలో అందరూ చేరే చోటు 2 తిమోతి 3:16. అందులో ‘థెయోప్న్యూస్టోస్’ అని ఒక గ్రీకు మాట ఉంది. విడదీస్తే ‘దేవుని ఊపిరి పోసుకున్నది’ అని చెప్పుకోవచ్చు. మన పాత తెలుగు బైబిల్ దాన్ని ‘దైవావేశమువలన కలిగిన’ అంది. దీన్నే వేదాంత చర్చల్లో దైవప్రేరణ అంటారు. రాసింది మనుషులే అయినా రాయించింది దేవుడు అనే నమ్మకం అది.

చిక్కు ఆ వచనం అన్వయంలో ఉంది. మూల గ్రీకులో ‘ప్రతి లేఖనము’, ‘దైవప్రేరితం’, ‘ప్రయోజనకరం’ అనే మూడు ముక్కలున్నాయి గానీ ‘ఉన్నది’ అనే క్రియాపదం లేదు. చదివేవాడే దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి. ‘ప్రతి లేఖనము దైవప్రేరితమైనది, ప్రయోజనకరమైనది’ అని చదవొచ్చు. ‘దైవప్రేరితమైన ప్రతి లేఖనము ప్రయోజనకరమైనది’ అనీ చదవొచ్చు. మొదటిదానిలో దైవప్రేరణ ఒక ప్రకటన. రెండోదానిలో అది ముందే తెలిసిన విషయంలా విశేషణంగా వస్తుంది, అసలు చెబుతున్నది ప్రయోజనం గురించి. 1611 ఇంగ్లిషు బైబిల్ మొదటి దారిలో వెళ్లింది. 1881 సవరణ ప్రతి రెండో దారి పట్టింది. మన ఇళ్లలో ఉండే పాత తెలుగు అనువాదం కూడా రెండోదే: “దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును...”

తెలుగు ప్రసంగీకుల్లో చాలామంది ఈ వచనాన్ని చదివేది రెండో అన్వయంలో, వివరించేది మొదటి అన్వయంలో. అది తప్పని అనలేం, ఎందుకంటే గ్రీకు రెండింటికీ చోటిస్తుంది. పైగా రెండో అన్వయం తీసుకున్నా లేఖనాలు దైవప్రేరితాలనే భావం పోదు. ఇంకో సంగతి, ఆ ఉత్తరం అందుకున్న తిమోతికి లేఖనాలంటే పాత నిబంధనే. పౌలు ఉత్తరాలు కూడా ఆ కోవలోకి ఎప్పుడు వచ్చాయని అడిగితే, వాటిని ‘తక్కిన లేఖనముల’ పక్కన చేర్చి మాట్లాడిన 2 పేతురు 3:16ను సంప్రదాయవాదులు చూపిస్తారు.

పొల్లు, సున్న: ‘తప్పు లేదు’ అనడంలో రకాలు

దైవప్రేరణను దాదాపు క్రైస్తవులందరూ ఒప్పుకుంటారు. విడిపోయేది ఆ తర్వాతి మెట్టు మీద. దేవుడు రాయించిన పుస్తకంలో పొరపాట్లు ఉండవచ్చా?

ధర్మశాస్త్రం నుంచి “ఒక పొల్లయినను ఒక సున్నయైనను తప్పిపోదు” అని మత్తయి 5:18లో యేసు అంటాడు. గ్రీకులో ఉన్నది చిన్న అక్షరమూ, అక్షరానికుండే కొమ్ములాంటి గీతా. అనువాదకులు వాటి జాగాలో మన లిపిలోని పొల్లునూ సున్ననూ పెట్టారు. ఇంత ముచ్చటైన అనువాదం బైబిల్‌లో ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది నాకు. ‘తప్పు లేదు’ అనే పక్షానికి ఈ వచనం కంచుకోట. అయితే అదే అధ్యాయంలో కొద్ది వచనాల తర్వాత “అని చెప్పబడిన మాట మీరు విన్నారు గదా, నేను మీతో చెప్పునదేమనగా” అంటూ యేసు పాత ఆజ్ఞలను దాటి మాట్లాడతాడు. ఎదుటి పక్షం దాన్ని చూపిస్తుంది.

స్థూలంగా మూడు స్థానాలున్నాయి. మొదటిది, బైబిల్ చెప్పే ప్రతి విషయంలోనూ, చరిత్రలోనైనా ప్రకృతి విషయాల్లోనైనా, పొరపాటు లేదనేది. 1978 అక్టోబరులో చికాగోలో దాదాపు 300 మంది ఎవాంజెలికల్ (బైబిల్ అధికారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్) నాయకులు, పండితులు కూడి దీన్ని 19 అంశాల ప్రకటనగా రాశారు. ‘ఒప్పుకుంటున్నాం’ అని ఒక ముక్క, ‘నిరాకరిస్తున్నాం’ అని ఒక ముక్క, ప్రతి అంశానికీ. చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ ప్రకటనే గుండ్రటి అంకెలు, అతిశయోక్తులు, వ్యాకరణ దోషాలు, ‘సూర్యుడు ఉదయించాడు’ లాంటి కంటికి కనిపించిన వర్ణనలు పొరపాట్ల కింద లెక్క కావని చెప్పింది. ప్రేరణ అనేది ఖచ్చితంగా చెప్పాలంటే మూల రచయితలు రాసిన ప్రతులకే వర్తిస్తుందని కూడా చెప్పింది. ఆ ప్రతులు ఇప్పుడు లేవు, ఉన్నవి నకళ్ల నకళ్లు. మరి లేని ప్రతి గురించి తప్పు లేదనడం ఏం ఉపయోగం అని విమర్శకులు అడుగుతారు. నకళ్లను పోల్చి మూలాన్ని చాలా దగ్గరగా పట్టుకోగలుగుతున్నాం, కాబట్టి ఉపయోగమే అని వీళ్ల జవాబు.

రెండో స్థానం, విశ్వాసానికీ నడవడికీ సంబంధించినంతవరకు బైబిల్ మనిషిని తప్పుదారి పట్టించదనేది. చరిత్ర, అంకెలు, ప్రకృతి వివరాల దగ్గర ఆ కాలపు మనుషుల పరిమితులు ఉండొచ్చని వీళ్లు ఒప్పుకుంటారు. కథోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన ‘దేయి వెర్బుమ్’ ప్రకటనలో, దేవుడు మన రక్షణ నిమిత్తం లేఖనాల్లో ఉంచదలచిన సత్యాన్ని అవి పొరపాటు లేకుండా బోధిస్తాయని ఉంది. ‘రక్షణ నిమిత్తం’ అన్న ఆ చిన్న ముక్క సత్యానికి హద్దు గీస్తోందా, లేక సత్యం ఎందుకో చెబుతోందా? దీనిపై కథోలిక పండితులే ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా రాజ్యాంగం ఇంకా క్లుప్తం. రక్షణకు కావలసినవన్నీ లేఖనాల్లో ఉన్నాయనీ, విశ్వాసానికి అవే అత్యున్నత ప్రమాణమనీ అంటుంది. పొరపాట్ల ఊసు ఎత్తదు.

మూడోది, బైబిల్ మనుషుల మాటే, దేవునితో వాళ్ల అనుభవానికి సాక్ష్యం, అందులో గొప్పవీ ఉన్నాయి, పాతబడినవీ ఉన్నాయి అనే ఉదారవాద దృష్టి. తెలుగు సంఘాల్లో దీన్ని బాహాటంగా చెప్పేవాళ్లు అరుదు. సెమినరీ తరగతుల్లో మాత్రం దీన్ని చదువుతారు.

దావీదు జనాభా లెక్క మీద పరీక్షించి చూద్దాం

సిద్ధాంతాలు గాలిలో తేలుతుంటాయి గనుక ఒక ఘట్టం పట్టుకుందాం. దావీదు జనాన్ని లెక్కించిన కథ రెండుచోట్ల ఉంది, 2 సమూయేలు 24లోనూ 1 దినవృత్తాంతములు 21లోనూ. దావీదును అందుకు ప్రేరేపించింది ఎవరు? మొదటి చోట యెహోవా, రెండో చోట సాతాను. లెక్క ఎంత తేలింది? మొదటి చోట ఇశ్రాయేలువారు 8 లక్షలు, యూదావారు 5 లక్షలు. రెండో చోట 11 లక్షలు, 4 లక్షల 70 వేలు. చివరికి బలిపీఠం కట్టడానికి కళ్లం కొన్న ధర? ఒకచోట 50 తులాల వెండి, ఇంకోచోట 600 తులాల బంగారం.

మొదటి స్థానంలో ఉన్నవారు రెండింటినీ కలుపుతారు. యోబు కథలోలాగే దేవుడు అనుమతించాడు, సాతాను చేశాడు, రెండూ నిజమే. 50 తులాల వెండి కళ్లానికీ ఎద్దులకూ, 600 తులాల బంగారం ఆ చుట్టుపక్కల స్థలమంతటికీ. సంఖ్యల్లో తేడా రెండు పుస్తకాలూ వేర్వేరు దళాలను కలపడం వల్లో తీసేయడం వల్లో, లేదా నకలు రాసినవాడి చేతి పొరపాటు వల్లో వచ్చింది. నకలు పొరపాటు అనే మాట తప్పించుకోవడం కాదు, అలాంటివి జరిగాయి. యెహోయాకీను రాజయ్యేనాటికి వయసు 2 రాజులు 24:8లో 18, హెబ్రీ 2 దినవృత్తాంతములు 36:9లో 8.

చారిత్రక విమర్శకులు వేరే దారిలో వెళ్తారు. దినవృత్తాంతములు బబులోను చెర (యూదులు బబులోనుకు బందీలుగా వెళ్లిన కాలం) తర్వాత, అంటే చాలా ఆలస్యంగా రాసినవి. మొదటి రచయితకు మంచీ చెడూ రెండూ యెహోవా చేతిలోనివే. తర్వాతి రచయితకు దేవుడే పాపానికి ప్రేరేపించాడనడం మింగుడుపడలేదు, అప్పటికి సాతాను అనే ఊహ రూపుకట్టింది, అందుకే మార్చి రాశాడు. ఇక దేవాలయం లేచిన స్థలానికి తగ్గట్టు ధరా పెరిగింది. వీళ్లకు ఇది తప్పుల పట్టిక కాదు, ఒక జాతి తన దేవుణ్ణి గురించి ఆలోచిస్తూ ఎదిగిన తీరుకు ఆనవాలు.

రెండో స్థానంలో ఉన్నవారు ఈ లెక్కల దగ్గర ఎక్కువసేపు ఆగరు. రాజు తన బలగాన్ని చూసి మురిసిపోవడం, దాని ఫలితం జనం అనుభవించడం, పశ్చాత్తాపం, ఇవి రెండుచోట్లా ఒకటే కదా అంటారు. నా మటుకు నాకు, ‘చుట్టుపక్కల స్థలం’ వివరణ కాస్త సాగదీసినట్టే ఉంటుంది, అనుమతి వివరణకు మాత్రం యోబు గ్రంథమే అండగా ఉంది.

విషయసూచిక ఎవరిచ్చారు?

ఇప్పటిదాకా ‘బైబిల్’ అంటే అందరికీ ఒకే పుస్తకం అన్నట్టు మాట్లాడుకున్నాం. అది నిజం కాదు. ప్రొటెస్టెంట్ల బైబిల్‌లో 66 పుస్తకాలు. కథోలికుల బైబిల్‌లో 73. ఇథియోపియా ఆర్థొడాక్స్ సంఘం 81 అంటుంది. కథోలికులకు అదనంగా ఉన్న ఏడింటిలో తోబీతు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు ఉన్నాయి. ఇది ఊరికే లెక్క తేడా కాదు. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మంచిదని రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. నవంబరు 2న సమాధుల దగ్గర కథోలికులు చేసే ప్రార్థనకు ఉన్న ఆధారాల్లో అదొకటి. 1519లో లైప్‌జిగ్ వాదంలో కథోలికుల తరఫున మాట్లాడిన యోహాన్ ఎక్ దీన్నే చూపిస్తే, ఆ పుస్తకానికి లేఖనాల స్థాయి లేదని ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ తిప్పికొట్టాడు.

ఏ పుస్తకాలు లేఖనాలో బైబిల్ లోపల ఎక్కడా జాబితా లేదు. ఇప్పటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాల పట్టిక సరిగ్గా అలాగే కనిపించేది అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ 367లో రాసిన పాస్కా (ఈస్టర్) పండుగ లేఖలో. కథోలికులు అడిగేది ఇక్కడే. జాబితాను నిర్ణయించింది సంఘమైతే, సంఘం అధికారం లేకుండా లేఖనం అధికారం ఎలా నిలబడుతుంది? 1546లో ట్రెంట్ మహాసభ లేఖనాలనూ అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయాలనూ సమాన భక్తితో స్వీకరిస్తున్నామంది. దేయి వెర్బుమ్ కాస్త జాగ్రత్తగా, సంఘపు బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది అని రాసింది. కథోలిక సత్యోపదేశ గ్రంథం ఇంకో మాటంది. క్రైస్తవం ‘పుస్తక మతం’ కాదట, ‘వాక్య మతం’ అట. ఆ వాక్యం జీవించి ఉన్న క్రీస్తు.

ప్రొటెస్టెంట్ల జవాబు, సంఘం ఆ పుస్తకాలకు అధికారం ఇవ్వలేదు, ఉన్న అధికారాన్ని గుర్తించింది అని. గీటురాయి బంగారాన్ని తయారుచేయదు కదా. కథోలికులు ఊరుకోరు. సరే, గీటురాయి ఎవరి చేతిలో ఉంది? లూథర్ తన చేతిలోకే తీసుకున్నాడు. 1522లో యాకోబు పత్రికను గడ్డిపరకల పత్రిక అన్నాడు. హెబ్రీ, యాకోబు, యూదా పత్రికలనూ ప్రకటన గ్రంథాన్నీ చివరికి నెట్టాడు. ఆయన పరీక్ష ఏమిటంటే, ఆ పుస్తకం క్రీస్తును ప్రకటిస్తోందా లేదా. 1963 బాప్టిస్టుల ‘కొలబద్ద యేసుక్రీస్తు’ అనే మాటకు పూర్వీకుడు ఎవరో ఇప్పుడు తెలిసింది కదా. లేఖనమే సర్వాధికారి అని యుద్ధం చేసిన మనిషే లేఖనం లోపల మెట్లు కట్టాడు.

జాబితాలోని పుస్తకాల లోపల కూడా హద్దు తగాదాలున్నాయి. “సర్వలోకమునకు వెళ్లి సర్వసృష్టికి సువార్తను ప్రకటించుడి” అనే వచనం తెలియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. అది మార్కు 16:15. నాలుగో శతాబ్దానికి చెందిన వాటికన్, సినాయ్ రాతప్రతుల్లో మార్కు సువార్త 16:8 దగ్గరే ఆగిపోతుంది.

బార్ట్ చెప్పిన మూడు వాక్యాలు

వరండాలో విన్న నాలుగు అర్థాలకు ఒక వేదాంతి దాదాపు సరిపోయే చట్రం కట్టాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ బార్ట్. దేవుని వాక్యం మూడు రూపాల్లో వస్తుందన్నాడు: ప్రత్యక్షమైన వాక్యం క్రీస్తు, రాయబడిన వాక్యం బైబిల్, ప్రకటించబడే వాక్యం ప్రసంగం. ‘వాక్యం చెప్పడం’ అని మామూలుగా వాడేసే మనకు ఇది కొత్తగా అనిపించదు. బార్ట్‌కు మాత్రం ఇందులో ఒక వరస ఉంది. క్రీస్తు నేరుగా దేవుని వాక్యం. బైబిల్ ఆయనకు సాక్షి. దేవుడు దాని ద్వారా మాట్లాడినప్పుడు అది దేవుని వాక్యం ‘అవుతుంది’.

ఇది తీరికగా కూర్చుని అల్లిన ఊహ కాదు. 1934 మే నెలలో, హిట్లర్ అధికారంలోకి వచ్చిన మరుసటి ఏడు, బార్మెన్ పట్టణంలో కొన్ని జర్మన్ సంఘాల ప్రతినిధులు ఒక ప్రకటన చేశారు. దాని ప్రధాన రచయిత బార్ట్. లేఖనాలు సాక్ష్యమిస్తున్న యేసుక్రీస్తే మనం వినవలసిన ఏకైక దేవుని వాక్యం అని మొదటి అంశంలోనే రాశారు. జర్మన్ జాతిలోనూ చరిత్రలోనూ దేవుడు కొత్తగా బయలుపడ్డాడని చెబుతున్న సంఘ నాయకులకు అది జవాబు. ‘ఏకైక’ అనే మాట గురి ఎటో అప్పుడు చదివినవాళ్లందరికీ తెలుసు.

సంప్రదాయవాదులకు బార్ట్ సగం మిత్రుడు. ‘అవుతుంది’ అనే క్రియే వాళ్లకు మింగుడుపడదు. నేను చదివినా చదవకపోయినా, కదిలినా కదలకపోయినా బైబిల్ దేవుని వాక్యమే, అది నా అనుభవం మీద ఆధారపడకూడదు అంటారు.

ఆ అనుభవం సంగతి తెలుగు పెంతెకొస్తు సంఘాల్లో వేరే రూపంలో కనిపిస్తుంది. కొందరు బోధకులు గ్రీకులోని ‘లోగోస్’, ‘రేమా’ మాటలను విడదీసి, లోగోస్ అందరి కోసం రాసిన వాక్యమనీ, రేమా ఈ క్షణంలో నాకోసం వచ్చిన మాట అనీ చెబుతారు. కొత్త నిబంధన గ్రీకులో ఈ రెండు మాటల మధ్య అంత గట్టి తేడా లేదని భాషా పండితులంటారు. అయినా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు అందుకునే విశ్వాసికి ఆ తేడా అక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఆ కార్డుల్లో తరచుగా వచ్చే యిర్మీయా 29:11నే చూడండి, ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’. దానికి ముందు వచనం ప్రకారం ఆ మాట బబులోను చెరలో ఉన్నవారికి, అదీ డెబ్బై ఏళ్ల తర్వాత నెరవేరేది. విన్నవాళ్లలో చాలామంది అది చూడకుండానే పోయి ఉంటారు. సందర్భం చూడకుండా వచనాన్ని కత్తిరించారని ఒకరంటారు. ఆనాటి మాటతోనే ఈనాడూ దేవుడు ఓదారుస్తాడని ఇంకొకరంటారు.

ఒకే తెలుగు బైబిల్, నంద్యాలలో ఒకలా గోదావరిలో ఒకలా

2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. ఆ సంఘంలో బిషప్ అయిన తొలి స్త్రీ ఆమె. గోదావరి డెల్టాలో 1836లో వచ్చిన మిషనరీలతో మొదలైన బ్రదరెన్ సభల్లో ఈనాటికీ స్త్రీలు ముసుగు వేసుకుని మౌనంగా కూర్చుంటారు, సభలో బోధించరు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది అదే పాత తెలుగు బైబిల్.

బ్రదరెన్‌వారు 1 తిమోతి 2:12, 1 కొరింథీ 14:34 తీస్తారు. అక్కడ స్త్రీలు మౌనముగా ఉండవలెనని స్పష్టంగా ఉంది. ఎదుటివారు అదే 1 కొరింథీలో మూడు అధ్యాయాలు వెనక్కి వెళ్లి 11:5 తీస్తారు. అక్కడ స్త్రీ ప్రార్థన చేయడం, ప్రవచించడం మామూలు విషయంలా ఉంది, తలమీద ముసుగు గురించే చర్చ. రోమా 16:7లో అపొస్తలులలో ప్రసిద్ధికెక్కిన యూనీయ స్త్రీ అని కూడా చూపిస్తారు. ‘అపొస్తలులలో ప్రసిద్ధి’ అంటే అపొస్తలురాలు అనా, అపొస్తలులకు బాగా తెలిసిన మనిషి అనా అని మళ్లీ వాదం.

బైబిల్‌కు ఎంత అధికారం ఉందన్నది ఒక ప్రశ్న, దాని అర్థం ఏమిటన్నది ఇంకో ప్రశ్న. వాదనల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి. ‘నా వ్యాఖ్యానం ఒప్పుకోవడం లేదు’ అనవలసిన చోట ‘వాక్యాన్నే ఒప్పుకోవడం లేదు’ అనేస్తుంటాం. నిజానికి లేఖనంలో పొరపాటే లేదని నమ్మే పండితుల్లోనే స్త్రీల బోధను సమర్థించేవారు ఉన్నారు, వ్యతిరేకించేవారూ ఉన్నారు.

దీనికి ఒక ఉదాహరణ మళ్లీ సదరన్ బాప్టిస్టుల దగ్గరే దొరుకుతుంది. సాడిల్‌బ్యాక్‌ను తప్పించిన మరుసటి ఏడు, 2024 జూన్‌లో ఇండియానాపొలిస్ సభలో, ఏ రకమైన పాస్టర్‌గానూ స్త్రీని నియమించే సంఘానికి సభ్యత్వం ఉండకూడదని తమ సమాజపు రాజ్యాంగంలోనే రాసేయాలని ఓటింగ్ పెట్టారు. మూడింట రెండు వంతులు కావాలి. 61 శాతం దగ్గర ఆగిపోయింది. వద్దన్నవారిలో చాలామంది లేఖనంలో తప్పు లేదని నమ్మేవాళ్లే, సంఘ కాపరి పురుషుడే అయి ఉండాలని ఒప్పుకునేవాళ్లే. ఉన్న నిబంధనలతోనే సాడిల్‌బ్యాక్‌ను పంపించాం కదా, కొత్తది ఎందుకన్నారు కొందరు. ఇంకొందరికి మిగిలిన సందేహం ఒక పదం గురించి. పిల్లల పరిచర్య చూసే స్త్రీని ‘చిల్డ్రన్స్ పాస్టర్’ అని పిలిస్తే ఆమె ఈ నిబంధన కిందికి వస్తుందా? ఎఫెసీ 4:11లో మన తెలుగు బైబిల్ ‘కాపరులు’ అన్న ఆ మాట ఒక పదవి పేరా, చేసే పని పేరా?